తాగుడు మానేద్దామనుకునేవాళ్లు మీటింగ్ ఎలా వెతుక్కోవాలి

తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకచోట కూర్చుని తమ అనుభవాలు చెప్పుకునే మీటింగ్ ఎక్కడుందో కనుక్కోవడం ఐదు నిమిషాల పని. మనకి సరిపడేది ఎంచుకోవడం, ఆ గుమ్మం దాటి లోపలికెళ్లడం, ఇవే కాస్త కష్టం. అందుకే వెతకడం గురించి గబగబా చెప్పేసి ఆ రెండింటి దగ్గర ఆగుతాను.

దానికంటే ముందు ఒంటి సంగతి. రోజూ గట్టిగా తాగే అలవాటుండి, పొద్దున లేవగానే చేతులు వణుకుతుంటే, లేదా ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చుంటే, ఒక్కసారిగా ఆపేయకండి, ముందు డాక్టర్‌ని కలవండి. మానిన కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలై, రెండు మూడు రోజుల్లో లేనివి కనిపించి వినిపించేదాకా ముదిరి ప్రాణం మీదికి రావచ్చు. మీటింగ్ దీనికి మందు కాదు.

ఎక్కువ చోట్ల దొరికేది ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అంటారు. తాగుడుతో నానా అవస్థలు పడ్డ ఒక షేర్ బ్రోకరు, ఒక సర్జన్ కలిసి 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో మొదలుపెట్టారు. ఫీజు లేదు, తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. ఫోన్‌లో వాళ్ల మీటింగ్ గైడ్ యాప్ వేసుకుంటే దగ్గర్లోవి, రోజు, టైమ్‌తో సహా చూపిస్తుంది. అందులో మీ ఊరు లేకపోతే మీ దేశపు ఏఏ సైట్‌లో హెల్ప్‌లైన్ నంబర్ చూడండి. ఊరికే సెర్చ్ చేస్తే మాత్రం పైన ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్ల ప్రకటనలు వచ్చిపడతాయి. ఫోన్ ఎత్తగానే ఇన్సూరెన్స్ ఉందా, అడ్వాన్స్ ఎంత కడతారు అని అడిగితే అది ఏఏ కాదు, పెట్టేయండి.

లిస్టులో ఉంది కదా అని నేరుగా వెళ్లిపోకండి. మీటింగులు చోటు మారుతుంటాయి, కొన్ని ఆగిపోతాయి కూడా. ఒక్క ఫోన్ చేసి "నేను కొత్త, ఈ మీటింగ్ ఇంకా జరుగుతోందా, ఓపెనా క్లోజ్డా, ఏ గుమ్మంలోంచి రావాలి" అని అడగండి. ఆఖరి ప్రశ్న చిన్నదిగా అనిపిస్తుంది కానీ చాలా గ్రూపులు చర్చి హాల్లోనో స్కూల్లోనో గది అద్దెకి తీసుకుంటాయి, ముందు గేటు మూసుంటుంది, దారి వెనక మెట్ల మీంచి, మొదటిరోజు అసలే టెన్షన్‌తో వచ్చిన మనిషికి తాళం వేసిన గేటు కనిపిస్తే అదే వంకతో ఇంటికెళ్లిపోతాడు. ఓపెన్ అంటే ఎవరైనా రావచ్చు, తోడుగా అన్ననో స్నేహితురాలినో తీసుకెళ్లొచ్చు. క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకి మాత్రమే.

ఇక టైమ్. నన్నడిగితే మీరు మామూలుగా గ్లాసు పట్టుకునే గంటకే మీటింగ్ చూసుకోండి. సాయంత్రం ఏడైతే ఏడే. దూరం కొంచెం ఎక్కువైనా సరే, ఆ గంట గడవడమే కదా అసలు గొడవ.

వెళ్లలేనివాళ్లకి ఆన్‌లైన్‌లో రాత్రీ పగలూ ఏదో ఒక మీటింగ్ నడుస్తూనే ఉంటుంది. కెమెరా ఆపేసి వినొచ్చు. చేరేముందు జూమ్‌లో మీ పేరు ఎలా కనిపిస్తోందో చూసుకోండి, ఆఫీసు అకౌంట్‌తో వెళ్తే ఇంటిపేరు, కంపెనీ పేరు తెర మీద ప్రత్యక్షమవుతాయి.

ఏఏలో తాగుడు మానేందుకు ఒక్కొక్కటిగా పాటించే పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంటుంది, అది కొందరికి పడదు. అలాంటివాళ్లకి వేరే గ్రూపులున్నాయి. 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ ఆలోచనలనీ అలవాట్లనీ మార్చుకునే పద్ధతుల మీద నడుస్తుంది, లైఫ్‌రింగ్‌లోనూ దేవుడి మాట రాదు, ఆడవాళ్లకి విమెన్ ఫర్ సొబ్రైటీ ఉంది. ఏఏలోనే నాస్తికుల మీటింగులూ ఉన్నాయి.

మొదటిరోజు పది నిమిషాలు ముందే వెళ్లండి. కొత్తవాళ్లెవరైనా ఉన్నారా అని అడుగుతారు, పేరు చెప్తే చాలు, అదీ ఇష్టమైతేనే. మీ వంతు వస్తే "ఇవాళ వింటానండి" అనండి, ఎవరూ బలవంతపెట్టరు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో సలహాలివ్వడం సాధారణంగా ఉండదు. డబ్బుల బుట్ట తిరుగుతుంది, కొత్తవాళ్లు వేయక్కర్లేదు. అయిపోగానే పారిపోకండి, కుర్చీలు సర్దేటప్పుడు జరిగే కబుర్లలోనే ఫోన్ నంబర్లు దొరుకుతాయి, అర్ధరాత్రి మనసు లాగినప్పుడు పనికొచ్చేది ఆ నంబరే.

నచ్చలేదా, ఇంకోటి చూడండి. ఒక్క మీటింగ్ చూసి తేల్చేయకండి, ఐదారు వేర్వేరు గ్రూపులు తిరిగాక చెప్పండి. ఒకచోట ముసలాళ్లు పాత కథలే చెప్తుంటారు, ఇంకోచోట మీ వయసువాళ్లుంటారు. అయితే డాక్టర్ రాసిన మందులు ఆపేయమని ఎవరైనా అంటే వినకండి, డాక్టర్ వేషం వేయొద్దని ఏఏనే తన సభ్యులకి చెప్తుంది. కొత్తగా వచ్చిన అమ్మాయిలకి మరీ దగ్గరవ్వాలని చూసేవాళ్లూ అక్కడక్కడ తగులుతారు, అలాంటిది కనిపిస్తే గ్రూపు నడిపేవాళ్లకి చెప్పి, ఆడవాళ్ల మీటింగ్‌కి మారిపోండి. స్పాన్సర్‌ని, అంటే మెట్లు దాటించే పాత సభ్యుణ్ణి, ఎంచుకునేటప్పుడు ఆడవాళ్లు ఆడవాళ్లనే, మగవాళ్లు మగవాళ్లనే అడగడం ఆనవాయితీ.

మధ్యలో మళ్లీ తాగేస్తే మానేయాల్సింది తాగడం, మీటింగ్ కాదు. మర్నాడు మళ్లీ వెళ్లండి, ఎవరూ గెంటేయరు.

ఇది ఇంట్లోవాళ్ల కోసం: తాగే మనిషి ససేమిరా రానంటే మీరే వెళ్లండి, ఏఏకి కాదు, 1951లో మొదలైన అల్-అనాన్‌కి. అది కుటుంబాల కోసమే, టీనేజ్ పిల్లలకి అలటీన్ ఉంది. ఆయన మానినా మానకపోయినా అక్కడ మీ కుర్చీ మీకుంటుంది.