పాత లారీకి స్కానర్ కొనే ముందు చూసుకోవలసినవి

కావలి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి పక్కన మాకు లారీ ఎలక్ట్రికల్ షెడ్డు ఉంది. చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైట్ దిమ్మెలు మోసే ట్రైలర్లు, కృష్ణపట్నం పోర్టుకు తిరిగే టిప్పర్లు, చెరువుల దగ్గర రొయ్యలు ఎత్తే చిన్న లారీలు మా దగ్గరికి వస్తాయి. చాలావాటికి పదేళ్లు దాటాయి. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రవాళ్లు ఫోను చేసి "అన్నా, ఏ స్కానర్ కొనమంటావు?" అని అడుగుతుంటారు. స్కానర్ అంటే ఇంజిన్ కంప్యూటర్‌కు తగిలించి, అది నమోదు చేసిన లోపాల కోడ్లనూ సెన్సర్ల విలువలనూ చదివే పరికరం. నీ షెడ్డుకు ఏయే బండ్లు వస్తాయో ముందు చెప్పమంటాను. దానికి జవాబు దొరికితే స్కానర్ ఎంపిక సగం తేలిపోయినట్టే. వంద కంపెనీల పేర్లు చూపించే పరికరం కన్నా, మీ దగ్గరికి రోజూ వచ్చే నాలుగైదు మోడళ్లతో పూర్తిగా మాట్లాడే పరికరం మేలు. కాబట్టి ఒక నోటు పుస్తకం పెట్టి వచ్చిన ప్రతి బండి కంపెనీ, మోడల్, తయారైన సంవత్సరం, ఇంజిన్ రకం రాయండి. కొన్ని వారాలకు మీ కొనుగోలు జాబితా దానంతట అదే తయారవుతుంది.

అసలు ఆ బండికి స్కానర్ అవసరమా అన్నది తర్వాతి ప్రశ్న. పాత మైకో పంపు (మెకానికల్ డీజిల్ పంపు) బండ్లలో ఇంజిన్‌కు కంప్యూటరే లేదు. పంపు నుంచి ఒక్కో ఇంజెక్టర్‌కు ఒక్కో ఇనుప గొట్టం నేరుగా వెళ్లి, యాక్సిలరేటర్ నుంచి పంపు దాకా తీగో కడ్డీయో ఉంటే దాదాపు అది మెకానికల్ బండే. అలాంటి బండికి స్కానర్ తగిలించాలని చూడటం వృథా. గొట్టాలన్నీ రైలు అనే ఒక లావుపాటి గొట్టంలో కలిసి, ప్రతి ఇంజెక్టర్ తలమీద వైరు ప్లగ్గు ఉంటే అది కామన్ రైల్. పెడల్ దగ్గరా వైర్లే కనిపిస్తాయి. ఈ రెంటికీ మధ్యలో ఉండే రకాలూ ఉన్నాయి. కొన్ని బండ్లలో పంపు మెకానికలే అయినా ఈజీఆర్ వాల్వును (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు) నడపడానికి చిన్న కంట్రోలర్ ఉంటుంది. అందుకే చూడకుండా తేల్చేయకండి.

బండిలో కంప్యూటర్ ఉందో లేదో సంవత్సరం చూసి కొంత అంచనా వేయవచ్చు. పొగ కాలుష్యం మీద పెట్టిన బీఎస్ నిబంధన కొత్తదయ్యే కొద్దీ కంప్యూటర్ ఉండే అవకాశం ఎక్కువ. బీఎస్-3 నిబంధన 2010లో దేశమంతటా వచ్చింది. బీఎస్-4 2017 ఏప్రిల్ 1 నుంచి, బీఎస్-6 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమలయ్యాయి. అయితే చెన్నై, హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో బీఎస్-4 నిబంధన 2010లోనే మొదలైంది. మన జిల్లాల్లో సెకండ్ హ్యాండ్ బండ్లు ఎక్కువగా ఆ రెండు ఊళ్ల నుంచే వస్తాయి కనుక, కాగితం మీది సంవత్సరంతో ఆగకుండా బానెట్ కింద కూడా చూడండి.

వోల్టేజీ దగ్గర చాలామంది తొందరపడతారు. పెద్ద లారీల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. ఇంజిన్ నడుస్తుంటే అది 28 దాకా వెళుతుంది. చిన్న పికప్పులు, ట్రాలీలు ఎక్కువగా 12 వోల్టులవి. కార్ల కోసం కొన్ని వందల రూపాయలకు దొరికే బ్లూటూత్ బిళ్ల 12 వోల్టుల కోసం చేసింది. దాన్ని లారీకి పెట్టకండి. స్కానర్ వెనుక గానీ పుస్తకంలో గానీ 9 నుంచి 36 వోల్టులనో, 8 నుంచి 32 వోల్టులనో రాసి ఉందేమో చూడండి. రాసి లేకపోతే కొనకండి, అమ్మేవాడు ఎన్ని ఒట్లు పెట్టినా సరే.

ఇక సాకెట్లు. స్కానర్ ఖర్చు లెక్కేసేటప్పుడు అందరూ మరిచిపోయేది కేబుళ్లనే. స్కానర్ తగిలించే 16 పిన్నుల ఓబీడీ సాకెట్ అందరికీ తెలుసు. అందులో 16వ పిన్నుకు బ్యాటరీ ప్లస్ వస్తుంది, 4, 5 ఎర్త్, 6, 14 క్యాన్ వైర్లు (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే వైర్ల జత), 7 కె-లైన్ (పాత బండ్లలో స్కానర్‌తో మాట్లాడే ఒంటి వైరు). దీనిలోనే 12 వోల్టుల రకం, 24 వోల్టుల రకం అని రెండున్నాయి. 24 వోల్టుల సాకెట్ మధ్య గాడికి అడ్డు ఉంటుంది కనుక 12 వోల్టుల ప్లగ్గు అందులో దిగదు. దాన్ని బలవంతంగా నొక్కేవాళ్లనూ, కత్తితో చెక్కేవాళ్లనూ చూశాను. ఆ అడ్డు మీ పరికరాన్ని కాపాడటానికే ఉంది. రెండోది గుండ్రటి 9 పిన్నుల డాయిచ్ సాకెట్. అందులో 'ఏ' పిన్ను ఎర్త్, 'బి' బ్యాటరీ ప్లస్, 'సి', 'డి' క్యాన్. నల్లదైతే సెకనుకు 250 కిలోబిట్ల వేగం, ఆకుపచ్చదైతే 500. పచ్చ సాకెట్‌కు పాత నల్ల కేబుల్ ఎక్కదు. కొన్ని పాత కమ్మిన్స్ ఇంజిన్లకు ఇంజిన్ పక్కనే 3 పిన్నుల ప్లగ్గు ఉంటుంది. ఇవి కాక కొన్ని కంపెనీలు తమ సొంత ఆకారాలు పెట్టుకున్నాయి. మీ నోటు పుస్తకంలోని ప్రతి బండికీ సాకెట్ ఎక్కడుందో, ఏ ఆకారమో ఫోనులో ఫొటో తీసుకుని, ఆ ఫొటోలతోనే దుకాణానికి వెళ్లండి. ఏ కేబుల్ పెట్టెలో వస్తుంది, ఏది విడిగా కొనాలి అని ఒక్కొక్కటీ అడగండి.

ఆకారం సరిపోగానే మాట కలుస్తుందని కాదు. లారీల్లో ఎక్కువగా వాడే భాష జే1939. కొంచెం పాతవి కొన్ని కె-లైన్ మీద మాట్లాడతాయి. కారు స్కానర్‌కు 16 పిన్నుల ప్లగ్గు ఉన్నా జే1939 తెలియకపోతే లారీ ముందు తెల్లముఖం వేస్తుంది. ఈ రెండూ చదవగలదా అని నేరుగా అడగండి.

స్కానర్ కన్నా ముందు మంచి మల్టీమీటర్ కొనమని మా షెడ్డుకు వచ్చే ప్రతి కుర్రవాడికీ చెబుతాను. మన ప్రాంతంలో ఈ మాటకు బలమైన కారణం ఉంది. అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర తిరిగే లారీల్లో ఐసు కరిగిన ఉప్పునీళ్లు ఛాసిస్ మీదుగా కారుతూనే ఉంటాయి. వైరింగ్ ప్లగ్గుల్లో పచ్చటి చిలుము పడుతుంది. సముద్రపు గాలి ఎటూ ఉండనే ఉంది. చీమకుర్తి బండ్లలో అదే ప్లగ్గుల్లోకి రాతి పొడి వెళుతుంది. ఇలాంటి బండికి స్కానర్ పెడితే "కనెక్ట్ కాలేదు" అని వస్తుంది, ఓనరు స్కానర్‌ను తిడతాడు. తప్పు వైరులో ఉంటుంది. బ్యాటరీ ఆపి, క్యాన్ రెండు వైర్ల మధ్య ఓమ్స్ కొలవండి. రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉంటాయి కనుక 60 దగ్గర రావాలి. 120 వస్తే ఒక రెసిస్టర్ పోయింది, లేదా మధ్యలో వైరు తెగింది. సున్నాకు దగ్గరగా ఉంటే రెండు వైర్లూ ఎక్కడో కలిసిపోయాయి. ఆ తర్వాత సాకెట్‌లో ప్లస్, ఎర్త్ వస్తున్నాయో లేదో చూడండి. ఫ్యూజు పోయి సాకెట్‌కు కరెంటు రాని బండ్లు మీరు అనుకునేదానికన్నా ఎక్కువ.

కోడ్‌ను ఎలా చూపిస్తుందన్నది ముఖ్యం. జే1939 కోడ్‌లో రెండు సంఖ్యలుంటాయి. ఎస్‌పీఎన్ ఏ భాగమో చెబుతుంది, ఎఫ్‌ఎంఐ ఆ భాగానికి ఏమైందో చెబుతుంది. ఎస్‌పీఎన్ 100 అంటే ఇంజిన్ ఆయిల్ ప్రెజర్. దానితో ఎఫ్‌ఎంఐ 1 వస్తే ప్రెజర్ నిజంగానే బాగా పడిపోయిందని అర్థం, వెంటనే ఇంజిన్ ఆపాలి. అదే 100తో 3 గానీ 4 గానీ వస్తే సెన్సర్ వోల్టేజీ ఎక్కువగానో తక్కువగానో ఉందని అర్థం, అంటే ముందు ప్లగ్గు, వైరు చూడాలి. ఎస్‌పీఎన్ 110 నీళ్ల వేడి, 157 రైలు ప్రెజర్. "ఆయిల్ ప్రెజర్ లోపం" అని మాత్రమే రాసి రెండో సంఖ్య చూపించని చౌక కోడ్ రీడర్‌తో బేరింగులు విప్పాలో వైరు తుడవాలో తెలియదు. దాని మీద డబ్బు పెట్టకండి.

నడుస్తున్న ఇంజిన్ విలువలు చూడగలగడం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద విషయం. కోడ్ ఏ గదిలో వెతకాలో చెబుతుంది, వస్తువును చేతికిచ్చేది లైవ్ డేటా. సెల్ఫ్ తిరుగుతోంది కానీ బండి అందుకోవడం లేదంటే, తిప్పుతూ తెర మీద ఆర్‌పీఎం చూడండి. సున్నా దగ్గరే ఉంటే తప్పు ఇంజిన్ స్పీడ్ సెన్సర్‌లో లేదా దాని వైరులో ఉంటుంది. ఆర్‌పీఎం వస్తుంటే, ఇంజిన్ కోరిన రైలు ప్రెజర్, వస్తున్న రైలు ప్రెజర్ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. కోరినది ఎక్కువగా ఉండి వస్తున్నది లేవకపోతే డీజిల్ ఫిల్టర్, గాలి లీకు, పంపు, ఇంజెక్టర్ రిటర్న్ (ఇంజెక్టర్ల నుంచి వెనక్కి పోయే డీజిల్) వరుసగా వెతకాలి. లోడు మీద పికప్ లేదంటే టర్బో బూస్ట్ ప్రెజర్ (టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి), పెడల్ శాతం చూడాలి. పెడల్ అడుగుకు నొక్కినా నూరు దరిదాపుకు రాకపోతే ఇంజిన్ విప్పే అవసరమే ఉండకపోవచ్చు. ఈ విలువలను నాలుగైదు కలిపి ఒకే తెర మీద చూపించి, రికార్డు చేసి తర్వాత చూసుకోనిచ్చే స్కానర్ కొనండి. ఏటవాలు మీద లోడుతో వెళ్లేటప్పుడే వచ్చే రోగం షెడ్డులో దొరకదు.

దీనితోపాటు సిలిండర్ కట్ పరీక్ష ఉండాలి. మైకో పంపు రోజుల్లో ఏ సిలిండర్ పనిచేయడం లేదో తెలుసుకోవడానికి ఇంజిన్ నడుస్తుండగా గొట్టం నట్లు ఒక్కొక్కటే వదులు చేసేవాళ్లం. కామన్ రైల్ మీద ఆ పని ప్రాణం మీదికి తెస్తుంది. వెయ్యి బార్ దాటే ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. స్కానర్‌లో ఒక్కో ఇంజెక్టర్‌ను ఆపి చూసే సదుపాయం ఉంటే నట్టు ముట్టుకోనక్కర్లేదు. ఇంజెక్టర్ మార్చినప్పుడు దాని మీది కోడ్ నంబరును ఇంజిన్ కంప్యూటర్‌లో రాసే సదుపాయం కూడా ఉంటే, మళ్లీ బండిని కంపెనీ సర్వీసుకు పంపే అవసరం తగ్గుతుంది. 2015 తర్వాతి భారీ బండ్లు ఎక్కువగా వచ్చే షెడ్డు అయితే బ్రేకుల ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) కూడా స్కానర్ చదవాలి.

ఇప్పుడు పరికరాల సంగతి. ఒకే కంపెనీ ఇంజిన్లు ఎక్కువగా చూసేవాళ్లకు ఆ కంపెనీ సాఫ్ట్‌వేరే ఉత్తమం. కమ్మిన్స్ వాళ్లకు ఇన్‌సైట్ ఉంది. దానికి కంప్యూటర్, ఆ కంప్యూటర్‌ను బండి సాకెట్‌కు కలిపే అడాప్టర్ కావాలి. అడాప్టర్ ఆర్‌పీ1210 ప్రమాణానిదైతే రేపు వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్‌తోనూ పనికొస్తుంది. అన్ని రకాల బండ్లు వచ్చే షెడ్డుకు బహుళ బ్రాండ్ పరికరాలున్నాయి: బాష్, టెక్సా, జాల్‌టెస్ట్, ఆటెల్, లాంచ్. ఈ విదేశీ పరికరాల దగ్గర వోల్వో, స్కానియా లోతుగా ఉన్నంత మాత్రాన టాటా, లేలాండ్, ఐషర్ కూడా అంతే లోతుగా ఉంటాయని అనుకోకండి. మోడల్ వారీగా జాబితా తీసుకుని, ప్రతి మోడల్ ఎదురుగా కోడ్ మాత్రమేనా, లైవ్ డేటా ఉందా, పరీక్షలు, రాతలు చేస్తుందా అన్నది గుర్తు పెట్టించుకోండి. ఈ కాగితం ఇవ్వడానికి వెనకాడే అమ్మకందారు దగ్గర కొనకండి.

డూప్లికేట్ పరికరాలు, దొంగ సాఫ్ట్‌వేర్ అసలు ధరలో పదో వంతుకు దొరుకుతాయి. కోడ్ చదవడానికి పనిచేసినట్టే ఉంటాయి. రాసేటప్పుడు మధ్యలో ఆగిపోతే ఇంజిన్ కంప్యూటర్ చచ్చిపోతుంది, దాని ఖరీదు మీ తల మీద పడుతుంది. అసలు పరికరంతో రాసినా బ్యాటరీలు నిండుగా ఉండాలి, ఛార్జర్ తగిలించి ఉండాలి. డీఈఎఫ్ వ్యవస్థను (యూరియా ద్రవంతో పొగను శుభ్రం చేసేది) ఆపేసే పరికరాలు అమ్మేవాళ్లు కూడా మీ దగ్గరికి వస్తారు. అది చట్టవిరుద్ధం. ఆ పొగ పీల్చేది రోడ్డు పక్కన ఉన్న మనమూ మన పిల్లలూ. ఆ పని చేయకండి.

డబ్బు ఇచ్చే ముందు అమ్మేవాణ్ని మీ షెడ్డుకే రమ్మనండి. దుకాణంలోని డెమో పెట్టె మీద కాదు, రోగం మీకు ముందే తెలిసిన మీ లారీ మీదే పెట్టించండి. ఒక సెన్సర్ ప్లగ్గు ఊడదీసి ఉంచి, దాన్ని పట్టుకుంటుందో లేదో చూడండి. సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ పడిపోతుంది. ఆ సమయంలో స్కానర్ ఆగిపోతే పనికిరాదు, ఎందుకంటే స్టార్ట్ కాని బండిని చూడాల్సింది సరిగ్గా అప్పుడే. మే నెల మధ్యాహ్నం ఎండలో తెర కనిపిస్తుందా అన్నది కూడా ఆరుబయటే తేల్చుకోండి. ఏడాది అప్‌డేట్ గడువు అయిపోతే పాతది పనిచేస్తూ ఉంటుందా, మొత్తం మూతపడుతుందా అన్నది బిల్లు మీదే రాయించుకోండి.

కొన్నాక మొదటి పనిగా, ఏ రోగమూ లేని బండ్లకు పెట్టి చూడండి. మోడల్ వారీగా ఐడిల్‌లో రైలు ప్రెజర్, నీళ్ల వేడి, బూస్ట్, బ్యాటరీ వోల్టేజీ నోటు పుస్తకంలో రాయండి. కోడ్లను చెరిపే ముందు కూడా రాసుకోండి లేదా ఫొటో తీయండి, ఓనరుకు చూపించండి. రోగం ఉన్న బండి వచ్చినప్పుడు పక్కన పెట్టి పోల్చడానికి ఆ పేజీలు కావాలి.