రాస్తూ నేర్చుకోవడం – 4వ పాఠం: చూచిరాత నుంచి బయటపడటం

మూడవ పాఠం చివర ధవళేశ్వరం ఆనకట్ట గురించి చదివి ఒక పేజీ రాయమని అడిగాను. వచ్చిన పేజీలన్నీ శ్రద్ధగా చూశాను. 1847లో పని మొదలవడం, 1852లో పూర్తి కావడం, ఆర్థర్ కాటన్ పేరు, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలు, అన్నీ సరిగానే ఉన్నాయి. ఎర్రసిరా కలం పట్టుకుని కూర్చున్న నాకు దిద్దడానికి ఒక్క తప్పు కూడా దొరకలేదు. అనుమానం అక్కడే వచ్చింది. ఎక్కువమంది పుస్తకం పక్కన తెరిచి పెట్టుకుని, వాక్యాల వరుస కొద్దిగా మార్చి ఎత్తి రాశారు. ఇందులో పొరపాటు నాదే. చదివి రాయమన్నానే గాని, పుస్తకం మూసి రాయమనలేదు. అందువల్ల ఈసారి చెబుతానన్న సారాంశ లేఖనాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

బడిలో మనకు చూచిరాత నేర్పారు, ఉక్తలేఖనం నేర్పారు. మొదటిది చేతిని, రెండవది చెవిని సాధు చేస్తుంది. తలచుకుని రాయడానికి మాత్రం నేను చదివిన బడిలో గంట కేటాయించలేదు. ‘దిద్దడం’ అనే మాటకు మనకు రెండు అర్థాలున్నాయి: పంతులుగారు పలక మీద రాసిచ్చిన అక్షరం మీద పిల్లవాడు బలపంతో దిద్దుతాడు, తరువాత పిల్లవాడు సొంతంగా రాసినదానిని పంతులుగారు దిద్దుతారు. ఈ రెండవ పని జరగాలంటే ముందు పిల్లవాడిదంటూ ఒక రాత ఉండాలి. ఎత్తి రాసిన పేజీ చూసి, మీకు ఏది అర్థం కాలేదో ఏ బోధకుడూ చెప్పలేడు.

2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఒకటి ఇక్కడ పనికి వస్తుంది. ఒకే భాగాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. చూడకుండా గుర్తు చేసుకుని రాసినవారు వారం తరువాత పెట్టిన పరీక్షలో వారిని దాటిపోయారు. చదివిన వెంటనే ‘అంతా వచ్చేసింది’ అనిపించడాన్ని నమ్మకండి.

అయితే పుస్తకం మూయగానే పని అయిపోదు. నన్ను అన్నిటికంటే ఎక్కువ విసిగించే చిక్కు ఇదే. మూసిన పుస్తకంలోని వాక్యాలు చెవిలో మోగుతుండగా వాటినే కాగితం మీదికి దించడం కూడా చూచిరాతే. ‘ఆనకట్ట వలన డెల్టాకు సాగునీరు అందుచున్నది’ అని దాదాపు అందరూ రాశారు. ఎలా అందుతుంది? అడ్డుకట్ట నదిలో నీటిమట్టాన్ని పెంచుతుంది; పెరిగిన మట్టం నుంచి నీరు తనంతట తానే కాలువల్లోకి దిగుతుంది. సరే, చేలో మిగిలిన నీరు పక్కనే ఉన్న గోదావరిలోకి ఎందుకు పోదు? ‘నది పల్లంలో ఉంటుంది కనుక పోతుంది’ అని మీ చేయి రాయబోతుంది. రాయనివ్వండి. అలా అయితే ఇన్ని మురుగు కాలువలు ఎందుకు అవసరమయ్యాయో రెండవ వాక్యంలో చెప్పవలసి వచ్చినప్పుడు అదే ఆగుతుంది. వరద ఒడ్డు దాటినప్పుడు బరువైన ఇసుక, ముతక ఒండ్రు ఏటి పక్కనే దిగిపోతాయి, సన్నని మట్టి మాత్రమే దూరం వెళుతుంది; వేల ఏళ్లు ఇలా పేరుకోవడంతో ఏటి ఒడ్డు మెరక అయింది, దూరపు నేల పల్లంగా మిగిలింది. కనుకనే పంట కాలువలు మెరక పట్టుకుని నడుస్తాయి. మురుగు కాలువలు, భీమవరం మీదుగా పోయే యనమదుర్రు లాగా, పల్లం వెంట సముద్రం వైపు సాగుతాయి. మెరక, పల్లం అనే మాటలు మన ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వచ్చిన పేజీల్లో ఒక్కదానిలోనూ అవి లేవు, ఎందుకంటే పుస్తకంలో లేవు.

అంకెల సంగతి కూడా ఇంతే. మొదటి ప్రమాద హెచ్చరిక భద్రాచలంలో 43 అడుగులకు, ధవళేశ్వరంలో 11.75 అడుగులకు ఇస్తారు. రెండూ బట్టీ పట్టినవారు, ఈ తేడా ఎందుకో రెండు వాక్యాల్లో రాయడానికి ప్రయత్నించండి.

నేను సిరా కలంతో, రూళ్లు లేని కాగితం మీద రాస్తాను; అది నా అలవాటు, మీరు పాటించనక్కరలేదు. కొట్టివేతలు మాత్రం ఒక్క గీతతోనే కొట్టండి, తెల్లరంగు పూయకండి. ఫోనులో టైపు చేసి పంపినవాటిలో మీరు ఎక్కడ మనసు మార్చుకున్నారో కనబడదు, కనుక అవి నాకు ఉపయోగపడవు.

అభ్యాసం: మీ ఊరి పంట కాలువ గట్టు మీద పావుగంట, మురుగు కాలువ పక్కన పావుగంట నిలబడండి. ఇంటికి వచ్చి, ఏ పుస్తకమూ తెరవకుండా, ఆ రెండూ ఉన్నచోటే ఎందుకున్నాయో ఇరవై వాక్యాలు రాయండి. ఒక్క సంవత్సరం కూడా రాయకూడదు. ‘నిర్మించబడినది’ అనే మాట ఎక్కడా రాకూడదు. నాలుగు రోజుల తరువాత మొదటి ప్రతి చూడకుండా మళ్లీ రాసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన ప్రతిచోటా గీత గీయండి. ఆ గీతలతో సహా రెండు ప్రతులూ నాకు పంపండి.