తుపానుకు ముందే ఫోను మాట వినేలా చూసుకోండి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు నా ఫోను తెరమీద సిగ్నల్ గీత ఒకటి వస్తూ పోతూ ఉంది, కాల్ మాత్రం కలవలేదు. తప్పు ఫోనుదే అనుకుని ఆపాను, వెలిగించాను, సిమ్ము తీసి పెట్టాను. ఛార్జింగ్ సగానికి పడిపోయాక తెలిసింది, చుట్టుపక్కల ఎవరి ఫోనూ పనిచేయడం లేదని. అందుకే కోస్తాలో తుపాన్లు ఎక్కువగా వచ్చే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలకు ముందే ఫోనులోని లోపాలను వదిలించుకోవాలి. ఆ తర్వాత కాల్ పోతే అనుమానించడానికి టవరు ఒక్కటే మిగులుతుంది.

మీ గొంతు అవతలివారికి సరిగా వినపడటం లేదా? రికార్డరులో నాలుగు మాటలు మాట్లాడి వినండి. అక్కడా గరగరమంటే మైకులో దుమ్మో, లోపమో ఉంది. రికార్డింగు శుభ్రంగా ఉంటే నెట్‌వర్కునో, సెట్టింగులనో చూడాలి. అవతలివారి మాట మీకు సన్నగా వినిపిస్తుంటే పై అంచున ఉండే స్పీకరు జాలీ చూడండి. చెవి జిడ్డు, దుమ్ము కలిసి దాన్ని పూడ్చేస్తాయి. మెత్తటి పొడి బ్రష్షుతో తుడవండి. పిన్నీసు మాత్రం వద్దు, లోపలి పొర చిరుగుతుంది. కొత్తగా వేయించిన గ్లాసు ఆ జాలీని కప్పేసిందేమో కూడా చూడండి. రిపేరు షాపుకు వెళ్లేముందు చేయాల్సిన పని ఇదే.

నెట్‌వర్కును ఆటోమేటిక్‌లో ఉంచండి. జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ముతో వోల్టే (4జీ మీదుగా కాల్ పంపే పద్ధతి) ఆపేస్తే మామూలు కాల్ వెళ్లదు. మీకు రావలసిన కాల్స్ ఇంకెక్కడికో పోతున్నాయని అనుమానముంటే ##002# నొక్కితే ఫార్వర్డింగులన్నీ రద్దవుతాయి. కొరియరు పేరుతో ఎవరో చెప్పిన కోడు నొక్కినవారు ఈ పని తప్పక చేయాలి, ఆ మోసం ఇప్పుడు చాలా మామూలైపోయింది.

రెండో సిమ్ము వేరే కంపెనీది ఉంటే మంచిది, రీఛార్జి అయిపోకుండా చూసుకోండి. విపత్తు వేళ టెలికాం శాఖ ఆదేశిస్తే కంపెనీలు ఒకదాని టవరును మరొకటి వాడుకోనిస్తాయి. దీన్ని ఇంట్రా సర్కిల్ రోమింగ్ అంటారు. అది మొదలయ్యాక కూడా ఫోను పట్టుకోకపోతే సెట్టింగుల్లో నెట్‌వర్కును మీరే వెతికి ఎంచుకోండి.

సిగ్నల్ లేనప్పుడు ఫోను దాన్ని వెతుకుతూ బ్యాటరీని తాగేస్తుంది. ఏరోప్లేన్ మోడులో పెట్టి, గంటకోసారి తెరిచి చూడండి. కాల్ కలవకపోయినా ఎస్సెమ్మెస్ వెళ్లే అవకాశం ఉంటుంది. «క్షేమం» అని ఒక్క ముక్క చాలు.

ఫోను తడిస్తే వెంటనే ఛార్జింగ్ పెట్టకండి. బియ్యంలో పాతిపెడితే తేమ సంగతేమో గానీ రంధ్రాల్లోకి పిండి దూరుతుంది. ఆపేసి, తుడిచి, గాలికి ఆరనివ్వండి.

అత్యవసర సేవలకు 112, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూముకు 1070. ఈ రెండింటినీ, మీవాళ్ల నంబర్లనూ కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోను ఆగిపోతే అందులోని నంబర్లూ దానితోపాటే పోతాయి. మా ఇంట్లో ఆ కాగితం గ్యాసు బండ పైన గోడకు అంటించి ఉంది. నూనె మరకలు పడి పచ్చబడింది కానీ, అంకెలు ఇంకా కనిపిస్తున్నాయి.