చంటిపిల్లలున్న ఇంట్లో ఐసోలేషన్‌: తలుపులు వేసుకునే ముందే చూసుకోవాల్సినవి

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేనాటికి బెజవాడ పటమటలోని మా ఫ్లాట్‌లో మూడేళ్ల పిల్లాడు, ఏడాది నిండని పాప. కరోనా వైరస్ ఎక్కడ లోపలికొస్తుందోనని గుమ్మం దగ్గరే కాపలా కాశాం. తీరా పిల్లలకి ప్రమాదం ఎదురైంది, ఆ వైరస్‌ని తరమడానికి మేం తెచ్చిపెట్టుకున్న సామానుతోనే. మళ్లీ కేసులు పెరిగి ఇంట్లోనే ఉండాల్సి వస్తే బియ్యం, పప్పుల కన్నా ముందు వీటి సంగతి చూడండి.

మొదటిది ఆవిరి. మా అత్తగారు పసుపేసి మరిగించిన గిన్నె ముందు కూర్చుని దుప్పటి కప్పుకున్నారు. మావాడు ఆటనుకుని ఆ దుప్పటి లాగాడు. గిన్నె అవతలికి ఒరిగింది కాబట్టి బతికిపోయాం. ఆవిరికి వైరస్ చావదు. పిల్లలకి అసలు పట్టకండి, పెద్దవాళ్లు పడితే గది గడియ వేసుకుని పట్టండి. చంటివాళ్లకి ముక్కు దిబ్బడేస్తే సెలైన్ చుక్కలు చాలు. ఒకవేళ కాలితే 20 నిమిషాల పాటు చల్లటి నీళ్లు పోయాలి. టూత్‌పేస్టూ వద్దు, ఐసూ వద్దు. బెజవాడ ఎండల్లో పైట్యాంకు నీళ్లే కాగుతుంటాయి కదా, అందుకని ఒక బిందె నీళ్లు పట్టి మూతపెట్టి ఉంచండి.

తర్వాత కర్పూరం, వాము మూటలు. మెడలో కడితే అది పిల్లల నోట్లోకే పోతుంది. కొద్దిగా కర్పూరం మింగినా ఫిట్స్ రావచ్చు. శానిటైజర్‌ని కూల్‌డ్రింక్ సీసాల్లోకి వంపకండి, అటక మీద పెట్టండి. బ్లీచింగ్ పౌడర్‌నీ బాత్రూం యాసిడ్‌నీ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఏదైనా మింగేస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి. ఆ సీసా చేతపట్టుకుని 108కి ఫోన్ చేయండి.

కషాయంలో తేనె ఏడాది లోపు పిల్లలకి వద్దు. ఎవరేమన్నా సరే.

రెండేళ్ల లోపు వాళ్లకి మాస్కు పెట్టకూడదు, ఊపిరాడదు. తల్లికి పాజిటివ్ వచ్చినా పాలు మానక్కర్లేదు, చేతులు కడుక్కుని, మాస్కు వేసుకుని ఇవ్వచ్చు. తొమ్మిదో నెల టీకాలాంటివి వాయిదా వేయకండి.

జ్వరం మందు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. కిలోకి 15 మిల్లీగ్రాముల పారాసెటమాల్, డోసుకీ డోసుకీ మధ్య ఆరు గంటలు. 5 మిల్లీలీటర్లలో 125 ఉన్న సిరప్పులూ 250 ఉన్నవీ దొరుకుతాయి, లేబుల్ చదవండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపైతే 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపైతే 40కి చేరినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా ఇక తెల్లారేదాకా ఆగొద్దు.

ఫోన్ చూడనిచ్చామే అని మరీ కుమిలిపోకండి. బాల్కనీ గ్రిల్ పక్కనున్న కుర్చీని తీసేయడం అంతకన్నా ముఖ్యం.

అమ్మో నాన్నో వేరే గదిలో ఉంటే పిల్లాడికి ‘రేపొస్తా’ అని అబద్ధం చెప్పకండి. తలుపు మీద సుద్దముక్కతో రోజుకో గీత గీయించండి, పొద్దునా రాత్రీ ఒకే వేళకి తలుపు ఇవతలి నుంచి మాట్లాడించండి. మావాడు తలుపు కింది సందులోంచి నాకు రోజూ ఒక బొమ్మకారు తోసేవాడు. అలాంటివి తిరిగిచ్చేటప్పుడు సబ్బుతో కడిగించి ఇవ్వండి.