కొండవాలు జీడితోటల్లో వానలకు ముందు పాటించవలసిన జాగ్రత్తలు

పలాస, మందస మండలాల కొండవాలు జీడితోటల్లో తేమను నిలిపే పనులను నైరుతి వానలు దిగకముందే, అంటే మే నెలలోనే ముగించుకోవాలి.

కందకాన్ని వాలు వెంట పైనుంచి కిందికి ఎన్నడూ తవ్వరాదు. అది నీటిని నిలపకపోగా మట్టిని కూడా కోసుకుపోతుంది. ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం ఆకారపు కర్రచట్రంతో సమమట్టం గుర్తించి, వాలుకు అడ్డంగా తవ్వి, తీసిన మట్టిని దిగువ అంచున గట్టుగా వేసి, పై వరుసలోని ఖాళీకి సూటిగా కింది వరుస కందకం వచ్చేలా చూడాలి. చెట్టు పాదుకు దిగువవైపున అర్ధచంద్రాకారపు గట్టు చాలు.

రాలిన జీడాకును దయచేసి తగులబెట్టవద్దు. కొండ నేలకు ఖర్చు లేకుండా దొరికే సొత్తు అదే. పాదులో పరిచేటప్పుడు మొదలుకు జానెడు దూరం వదలండి, ఎందుకంటే చెత్త కప్పిన మొదలులో కాండం తొలిచే పురుగు ఆనవాళ్లు కంటపడవు.

కంపోస్టు గుంత వాననీరు పారే దారిలో ఉండకూడదు, లోతు 1 మీటరు మించకూడదు. జీడాకు నిదానంగా కుళ్లుతుంది కనుక దానిని పచ్చిరొట్టతో కలిపి, పేడనీళ్లతో తడుపుతూ పొరలుగా వేయాలి. పిడికిట పిండితే చెయ్యి తడవాలి గాని నీరు ధారగా కారకూడదు. సగం మాగిన ఎరువు చెదలను పిలుస్తుంది, కాబట్టి వేడి పూర్తిగా తగ్గేవరకు పాదులో వేయరాదు. పురుగు పట్టిన కొమ్మలను మాత్రం గుంతలో వేయక, తోట బయట కాల్చివేయాలి.