మంచు కోసం కొన్న జాకెట్‌ని మన ముసురులోనే పరీక్షించండి: వారంటీ అడిగి సాధించుకోవడం ఎలా

ఉత్తరాఖండ్ మంచుకొండల్లోని ఔలీలో రెండో రోజు మధ్యాహ్నం ఎడమ భుజం దగ్గర చల్లగా తగిలింది. స్కీయింగ్ నేర్చుకుంటూ పొద్దుటి నుంచి పడుతూ లేస్తూ ఉన్నాం కదా, చెమటేమో అనుకున్నాను. సాయంత్రం గదికొచ్చి జాకెట్ తిరగేసి చూస్తే, భుజం కుట్టు మీద లోపలివైపు అంటించే సన్నటి టేపు రెండంగుళాల మేర లేచిపోయి ఎండిన అరటిపట్టలా ముడుచుకుని ఉంది. కొని ఏడు నెలలైంది, వేసుకున్నది రెండు రోజులు. అమలాపురం తిరిగొచ్చాక కంపెనీకి కోపంగా పెద్ద మెయిల్ రాస్తే, వాడకం వల్ల వచ్చిన అరుగుదల కాబట్టి వారంటీ వర్తించదని రెండు లైన్ల జవాబు వచ్చింది. నెల తర్వాత పద్ధతిగా రాస్తే అదే కంపెనీ కొత్త జాకెట్ పంపింది. ఈ రెండు మెయిళ్ళ మధ్య తెలుసుకున్నదంతా రాస్తున్నాను. మన కోనసీమ నుంచీ, భీమవరం, పాలకొల్లు వైపు నుంచీ మంచుకొండలకి వెళ్ళే పిల్లలు ఉన్నారు, వేలకి వేలు పెట్టి కొన్నది పాడైతే ఎవర్ని అడగాలో తెలియక బీరువాలో పడేస్తున్నారు, అది చూస్తే నాకు బాధేస్తుంది.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఎప్పుడు కొనాలి, ఎప్పుడు చూసుకోవాలి అన్నది. మనం సాధారణంగా ఆఫర్ ఉన్నప్పుడు కొనేసి, కవరు కూడా విప్పకుండా దాచి, జనవరిలో గుల్‌మార్గ్‌లోనో ఔలీలోనో మొదటిసారి వేసుకుంటాం. అప్పటికి ఆన్‌లైన్‌లో వాపసు ఇచ్చే గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఇక్కడ మంచు లేకపోతేనేం, వానకి కొదవలేదు. పైగా పొడి మంచు బట్ట మీద పడితే దులిపేసుకోవచ్చు, జాకెట్‌కి అసలు పరీక్ష వానే. అందుకని జూన్‌లో కొనండి, కొన్న వారంలోనే వానలో బండి మీద ఒక గంట తిరగండి, లోపల లేతరంగు కాటన్ చొక్కా వేసుకోండి, తడి ఎక్కడ తగిలిందో దాని మీద మచ్చలా కనిపిస్తుంది. లోపం బయటపడితే శ్రావణం వెళ్ళేలోపు కంపెనీకి రాసేయొచ్చు, చలికాలానికి వస్తువు తిరిగి చేతికొస్తుంది.

కొనేటప్పుడు రెండు మూడు సంగతులు చూసుకోవాలి. బిల్లు మీద అమ్మకందారు పేరు ఎవరిదో చదవండి. పెద్ద వెబ్‌సైట్‌లో కొన్నాం కదా అని ధీమాగా ఉంటాం గానీ, ఆ సైట్‌లో అమ్మింది ఎవరో చిల్లర వ్యాపారి అయితే, మా అధీకృత డీలర్ కాదని బ్రాండు చేతులు దులుపుకునే అవకాశం ఉంది. విదేశీ సరుకైతే ట్యాగు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, ఫిర్యాదులకు ఫోన్ నంబరో మెయిలో ఉండాలి. ఆ ట్యాగుని ఫోటో తీసి, ట్యాగుని కూడా పారేయకుండా బిల్లుతో కలిపి పెట్టండి. థర్మల్ కాగితం మీద ఇచ్చే బిల్లు మన వేడికి ఏడాది తిరిగేసరికి తెల్లకాగితం అయిపోతుంది, కొన్న రోజునే ఫోటో తీసి మీ మెయిల్‌కి మీరే పంపుకోండి.

మన దగ్గర ఇంకో దారి ఉంది, అమెరికాలో ఉన్న అన్నయ్యో మేనమామో సంక్రాంతికి వస్తూ తెచ్చిపెట్టడం. మంచి సరుకే వస్తుంది, కానీ వారంటీ చాలావరకు మొదట కొన్నవారికి, కొన్న దేశంలో ఉంటుంది. ఇక్కడి ఆఫీసుకి రాస్తే అక్కడ అడగమంటారు. మనం పార్శిల్ చేసి అమెరికా పంపితే కొరియర్ ఖర్చే తడిసి మోపెడవుతుంది, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ తలనొప్పి వేరే. కాబట్టి వాళ్ళనే బిల్లు దాచమనండి, క్లెయిమ్ వాళ్ళ పేరు మీదే పెట్టించండి, వస్తువు మాత్రం ఎవరైనా ఊరొచ్చి వెళ్ళేటప్పుడు ఇచ్చి పంపండి. ఆలస్యమవుతుంది, అయినా అదే దారి.

లైఫ్‌టైమ్ వారంటీ అన్న మాట చూసి మోసపోవద్దు. అది మన జీవితకాలం కాదు, ఆ వస్తువుకి మామూలుగా ఉండే ఆయుష్షు. కొండలెక్కేవాళ్ళ బట్టలు చేసే ఆర్క్‌టెరిక్స్ లాంటి కంపెనీ కూడా తన పత్రంలో ఇదే అర్థం వచ్చేలా రాస్తుంది. అలాంటిదే ఇంకో కంపెనీ పాటగోనియా, దాని గ్యారంటీకి మంచి పేరుంది, అయినా అరుగుదల వల్ల పాడైనదాన్ని తగిన ఖర్చు తీసుకుని బాగుచేస్తామన్నదే దాని మాట. ఎల్.ఎల్.బీన్ అనే అమెరికా కంపెనీ ఎన్నో ఏళ్ళు కాలపరిమితి లేకుండా సరుకు వెనక్కి తీసుకుని, కొందరు దాన్ని దుర్వినియోగం చేస్తున్నారని 2018 ఫిబ్రవరిలో ఏడాదికి కుదించి, కొన్నట్టు రుజువు కావాలంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఏ కంపెనీ అయినా చివరికి అడిగే ప్రశ్న ఒకటే: ఇది తయారీలో లోపమా, వాడకంలో జరిగిందా? మీరు రాసే ప్రతి మాటా ఆ ప్రశ్నకి జవాబు కావాలి.

ఆ జవాబు ముందు మనకి తెలియాలి కదా. జాకెట్ బట్ట మామూలుగా పొరలుగా ఉంటుంది. పై బట్ట మీద నీళ్ళు నిలవనివ్వని పూత, దాని కింద నీటిని ఆపే పల్చటి పొర, కుట్ల మీద లోపలివైపు టేపు. కొత్తలో నీటిబొట్టు తామరాకు మీద జారినట్టు జారిపోతుంది. పది వానలు తిన్నాక, పది ఉతుకులు పడ్డాక ఆ పూత అరిగి పై బట్ట నీళ్ళు పీల్చుకుని నల్లగా బరువెక్కుతుంది. చాలామంది ఇక్కడే జాకెట్ కారుతోందని ఫిర్యాదు పెట్టేస్తారు. కారడం లేదు, లోపలి పొర ఇంకా నీటిని ఆపుతూనే ఉంది, పూతకి మాత్రం మళ్ళీ ప్రాణం పోయాలి. ఇలాంటి బట్టల కోసమే అమ్మే ద్రవంతో ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే పైన పల్చటి గుడ్డ వేసి, ఆవిరి లేకుండా తక్కువ వేడి మీద ఇస్త్రీ చేస్తే బొట్టు మళ్ళీ జారుతుంది. ఆ ఇస్త్రీ మీరే చెయ్యండి, బొగ్గుల పెట్టెతో చేసే బండి దగ్గర ఇవ్వకండి, ఆ వేడికి నైలాన్ నిలవదు. ఫ్యాబ్రిక్ కండిషనర్ కూడా వద్దు, పూతని చంపేది అదే.

ఇక చెమట. లోపలి ఆవిరి బయటికి పోవాలంటే బయటి గాలి లోపలికన్నా పొడిగా, చల్లగా ఉండాలి. ఔలీలో పోతుంది, ఆగస్టులో రావులపాలెం వంతెన మీద పోదు. కాబట్టి మన వానలో చేసే పరీక్షలో చంకల్లో, వీపు మీద తడి ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి, కుట్ల వెంబడి గీతలా వచ్చిన తడినే చూడండి. అనుమానం ఉంటే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఆ భాగాన్ని గిన్నె మీద గుంటలా పరిచి గ్లాసుడు నీళ్ళు పోసి పావుగంట ఆగండి, తర్వాత కింది వైపు పొడి టిష్యూ అద్దండి. టిష్యూ తడిస్తే లోపం ఉన్నట్టే, నీళ్ళు పోస్తున్నప్పటి నుంచి టిష్యూ తడిసేవరకు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. నా రెండో మెయిల్‌ని గెలిపించింది ఆ వీడియోనే.

టేపు ఊడటం, పొరల మధ్య బుడగలు లేవడం, కుట్టు విడిపోవడం, జిప్పు పళ్ళు కలవకపోవడం, ఇవి తక్కువ వాడకంలోనే వస్తే తయారీ లోపాలుగా గట్టిగా వాదించొచ్చు. స్కీ అంచు తగిలి ప్యాంటు చీలమండ దగ్గర కోసుకుపోవడం, చలిమంట నిప్పురవ్వ పడి చిల్లు పడటం, తీగకి పట్టుకుని చిరగడం మన ఖాతాలోవే. వీటిని లోపాలుగా చూపించే ప్రయత్నం చెయ్యొద్దు, రోజూ వందల బట్టలు చూసేవాళ్ళు ఇట్టే పట్టేస్తారు, ఆ తర్వాత మీరు చెప్పిన నిజం కూడా నమ్మరు. రిపేరుకి ఎంతవుతుందని నేరుగా అడగండి.

ఇప్పుడు మన డెల్టా వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట, ఇది కొండ ప్రాంతం వాళ్ళు రాసిన సలహాల్లో దొరకదు. వాటర్‌ప్రూఫ్ బట్టల్లో చాలావాటికి లోపల పాలీయురేథేన్ పూత ఉంటుంది. వేడీ తేమా కలిసి ఏళ్ళ తరబడి తగిలితే ఆ పూత రసాయనికంగా విరిగిపోతుంది, దీన్ని హైడ్రాలిసిస్ అంటారు. మా బావ ట్రెక్ ప్యాంటుని ప్లాస్టిక్ కవర్లో చుట్టి మూడు వర్షాకాలాలు బీరువా అడుగున ఉంచాడు. తీసి విప్పితే లోపలివైపు బెల్లం పాకంలా జిగురుగా వేళ్ళకి అంటుకుంది, గోరుతో గీస్తే ఉల్లిపొరలా రేకులు రేకులుగా రాలింది. బూట్ల అడుగున ఉండే మెత్తటి పొర కూడా ఇలాగే పొడైపోతుంది. కంపెనీకి రాస్తే సరిగ్గా నిల్వ చెయ్యలేదంటారు, వాళ్ళ పత్రంలో ఆ మాట ఉంటుంది కూడా. అందుకని కవర్లో కట్టి పెట్టకండి, నలపకండి, వెడల్పాటి హ్యాంగర్‌కి తగిలించి గాలాడే గదిలో ఉంచండి, జేబుల్లో సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి. ముసురు వెలిసిన ప్రతిసారీ ఒక పూట నీడలో ఆరబెట్టండి, ఎర్రటి ఎండలో వద్దు. కలరా ఉండలు కూడా వెయ్యకండి, ఆ వాసన పడితే పోదు.

సరే, లోపం ఉందని తేలింది. రిపేరు షాపుకి పరిగెత్తకండి. నాకు తెలిసిన బ్యాగుల రిపేరు ఆయన, "జిప్పు రన్నర్ మార్చేస్తే పోద్ది కదా బాబూ" అన్నాడు. ఆయన పనితనం మీద నాకు పూర్తి నమ్మకం ఉంది, కానీ "ముందు కంపెనీని అడిగి వస్తాను బాబాయ్" అన్నాను, ఎందుకంటే బయట విప్పి కుట్టిన వస్తువుకి వారంటీ లేదంటారు. కంపెనీ కాదన్నాక ఆయన దగ్గరికే వెళ్ళండి, రన్నర్ వెనక ఉండే అంకె చూసి అదే సైజు వేయించండి.

మెయిల్‌లో కోపం వద్దు, కథ వద్దు. నేను రెండోసారి రాసినది దాదాపు ఇంతే:

"ఈ జాకెట్‌ని ఫలానా తేదీన ఫలానా వారి దగ్గర కొన్నాను, బిల్లు జతచేశాను. మోడల్, సైజు, లోపలి లేబుల్ మీది నంబరు ఇవి. రెండు రోజులు వాడాను, లేబుల్‌లో చెప్పినట్టు ఒకసారి ఉతికాను. ఎడమ భుజం కుట్టు టేపు ఐదు సెంటీమీటర్లు ఊడింది, చుట్టుపక్కల గీత గానీ చిరుగు గానీ లేదు. నీటి పరీక్ష వీడియో ఉంది. ఇది తయారీ లోపం కాబట్టి బాగుచేసి ఇవ్వండి, లేదా మార్చి ఇవ్వండి."

ఫోటోలు నాలుగు చాలు: జాకెట్ మొత్తం, లేబుల్, పక్కన స్కేలు పెట్టి తీసిన లోపం, బాగున్న కుడి భుజం. ఆ నాలుగోది మర్చిపోవద్దు, రెండు భుజాలూ ఒకే వాడకం చూశాయి, ఒకటే ఊడిందంటే అరుగుదల అనడం వాళ్ళకి కష్టం. జాకెట్‌లో నీటిని ఆపే పొర గోర్‌టెక్స్ అయితే మీకు ఇంకో తలుపు కూడా ఉంది. నీరు లోపలికి రాదన్న హామీ ఆ పొర చేసే గోర్ కంపెనీ విడిగా ఇస్తుంది, బ్రాండు కుదరదంటే వాళ్ళకి రాయొచ్చు.

పంపమన్నప్పుడు ఉతికి, బాగా ఆరబెట్టి పంపండి. మురికిగా, బూజు వాసనతో వెళ్ళినవాటిని చూడకుండానే వెనక్కి పంపేస్తారు. కేసు నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టండి, కొరియర్ రసీదు ఫోటో తియ్యండి.

జవాబు రాకపోతే టెన్షన్ పడొద్దు, చట్టం మనవైపు చాలానే ఉంది. ఆన్‌లైన్‌లో కొన్నదైతే 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆ సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. "అమ్మిన సరుకు వాపసు లేదు" అని బిల్లు మీద అచ్చేసినా లోపమున్న వస్తువుకి అది చెల్లదు. బిల్లులో గడువు ఏదీ రాయకపోతే 30 రోజుల్లోపు లోపమున్న సరుకుని వెనక్కి తీసుకోనని అనడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా చూస్తుంది. ముందు 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు బెంగళూరులోనో గుర్‌గావ్‌లోనో ఉన్నా కేసు మీరుండే చోటే వెయ్యొచ్చు, ఈ హక్కు 2019 చట్టంతో వచ్చింది, దూరం చూసి వదిలేసే మనలాంటి వాళ్ళకి ఇది చాలా పెద్ద సంగతి. 2025 నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చెయ్యొచ్చు. వస్తువుకి చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్ళ లోపు వెయ్యాలి.

వస్తువు తిరిగొచ్చాక పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తియ్యండి. కొత్తది ఇచ్చారా, పాతదే బాగుచేశారా చూసుకుని, కొత్తదైతే వారంటీ ఏ తేదీ నుంచి లెక్కపెడతారో అడిగి మెయిల్‌లోనే జవాబు తెప్పించుకోండి. బాగుచేసినదైతే అదే కుట్టు దగ్గర మళ్ళీ గ్లాసుడు నీళ్ళు పోసి పావుగంట చూడండి, తడి వస్తే పాత కేసు నంబరు మీదే వెంటనే రాయండి, కొత్త కేసు తెరవకండి.