పోటీలకు నోటిలెక్కల షార్ట్‌కట్లు: సాధన ఎలా చేయాలి

నోటిలెక్కల పోటీకి తయారయ్యే పిల్లలు చాలామంది మార్కులు పోగొట్టుకునేది షార్ట్‌కట్లు తెలియక కాదు. 97×94 ఎలా చేయాలో అడిగితే గడగడా చెప్తారు. అదే లెక్క ఓ భిన్నానికీ, ఓ శాతానికీ మధ్య కనిపిస్తే మామూలు గుణకారంలోకి దిగిపోతారు. కిటుకుతో లెక్క చేయడం ఒక పని. ఏ కిటుకు వాడాలో లెక్క చూడగానే తట్టడం ఇంకో పని. రెండోదానికి విడిగా సాధన చేయాలి, కానీ దాన్ని విడిగా చేయించేవాళ్లు తక్కువ.

టైము ఎంత బిగువుగా ఉంటుందో ఒక ఉదాహరణ చూడండి. అమెరికాలోని టెక్సాస్‌లో బడిపిల్లలకు యూఐఎల్ (బడుల మధ్య పోటీలు పెట్టే సంస్థ) నడిపే నంబర్ సెన్స్ పోటీలో 10 నిమిషాలకు 80 ప్రశ్నలిస్తారు, అంటే ప్రశ్నకు ఏడున్నర సెకన్లు. చిత్తులెక్క వేయకూడదు, రాసిన జవాబును దిద్దకూడదు. ప్రతి పదో ప్రశ్నకు మాత్రం ఉజ్జాయింపు చాలు, అసలు విలువకు 5 శాతం లోపు తేడా ఉంటే ఒప్పుకుంటారు. మీ పోటీ నియమాలు వేరే ఉండొచ్చు. తప్పు జవాబుకు మార్కు కోస్తారా, వదిలేసిన ప్రశ్నకూ కోస్తారా, దిద్దుకోనిస్తారా, జవాబు భిన్నంలో రాయాలా దశాంశంలో రాయాలా అన్నవి సాధన మొదలుపెట్టకముందే తెలుసుకోండి. మీ సాధన కాగితం మొదటిరోజు నుంచీ అదే నియమాలతో నడవాలి.

ముందు కంఠతా రావాల్సినవి

20వ ఎక్కం వరకు, 1 నుంచి 25 దాకా వర్గాలు, 1 నుంచి 12 దాకా ఘనాలు నోటికి రావాలి. వీటితోపాటు 6, 7, 8, 9, 11, 12 హారాలుగా ఉన్న భిన్నాల దశాంశ విలువలు, శాతాలు కూడా. 1/8 అంటే 12.5 శాతం, 1/12 అంటే 8⅓ శాతం, 1/7 అంటే 0.142857 మళ్లీ మళ్లీ. ఏడో భాగాల్లో ఒక సౌకర్యం ఉంది: 2/7, 3/7 మొదలైనవాటిలోనూ అవే ఆరు అంకెలు అదే వరసలో తిరుగుతాయి, మొదలయ్యే చోటే మారుతుంది. 2/7 అంటే 0.285714.

వచ్చిందా లేదా తేల్చుకోవడానికి వరస కలిపేసి అడగాలి. పదిహేడెనిమిదులు ఎంత అనగానే సెకనులో 136 అని రావాలి. పదిహేడొకట్ల పదిహేడు అంటూ మొదట్నుంచి చదువుకుంటూ వస్తే అది ఇంకా రానట్టే లెక్క.

100 నుంచి తీసివేత కూడా ఈ జాబితాలోదే. పదుల అంకెను 9 లోంచి, ఒకట్ల అంకెను 10 లోంచి తీసేస్తే చాలు: 100−37 = 63. దీన్ని చిన్న విషయం అనుకుని వదిలేస్తారు గానీ, కింద చెప్పబోయే 100 దగ్గరి గుణకారంలో తప్పులు చాలావరకు ఇక్కడే పుడతాయి.

ఎడమ నుంచి కుడికి

కాగితం మీద ఒకట్ల స్థానం నుంచి మొదలుపెడతాం. మనసులో అలా చేస్తే చివరి అంకెలు గుర్తుంచుకుంటూ ముందు అంకెలు వెతకాలి, చేతిలో ఉన్న అంకె జారిపోతుంది. 47×6 అంటే 240, దానికి 42 కలిపితే 282. 384+279 అంటే 384, 584, 654, 663. ఎప్పుడూ ఒక్క సంఖ్యనే మోస్తాం. ఏ కిటుకూ పనికిరాని లెక్కలకు ఇదే దారి, కాబట్టి రోజూ ఓ పది లెక్కలు ఇలా చేయాల్సిందే.

11తో గుణకారానికి ఈ మాట వర్తించదు. జవాబును కుడి నుంచి ఒక్కో అంకె రాసుకుంటూ పోవచ్చు గనక అక్కడ కుడి నుంచే మేలు. 467×11 చూడండి. 7 రాయండి. 7+6 = 13, 3 రాసి 1 చేతిలో పెట్టుకోండి. 6+4 = 10, చేతిలోది కలిపితే 11, 1 రాసి 1 చేతిలో. చివరికి 4+1 = 5. జవాబు 5137. చేతిలో 1 ఉన్న సంగతి చివరి అంకె దగ్గర మర్చిపోయి 4137 రాసేవాళ్లు ఎక్కువ. అందుకే 23×11 లాంటి తేలిక లెక్కలతో సాధన ముగించేయకూడదు. 78×11, 86×11, 769×11 లాంటివే ఎక్కువ చేయాలి.

100 దగ్గరి సంఖ్యలు

97×94. వందకు తక్కువైనవి 3, 6. ఒక సంఖ్యలోంచి రెండోదాని తక్కువను తీయండి: 97−6 = 91. తక్కువలను గుణించండి: 18. జవాబు 9118. ఎందుకు కుదురుతుందంటే (100−క)(100−ఖ)ను విప్పితే 100(100−క−ఖ)+కఖ వస్తుంది. మొదటి భాగం వందల్లో ఉంది, రెండోది విడిగా ఉంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే ఇక్కడ జరిగే మూడు తప్పులూ ఆగిపోతాయి.

మొదటిది, సున్నా ఎగిరిపోవడం. 98×97లో 95, ఆపైన 6. జవాబు 9506, 956 కాదు. వంద అంటే రెండు స్థానాలు, అవి నిండి తీరాలి. రెండోది, లబ్ధం వంద దాటడం. 88×91లో తక్కువలు 12, 9. ముందు భాగం 79, లబ్ధం 108. పక్కపక్కన పెట్టేస్తే 79108 అవుతుంది, అది తప్పు. 7900+108 = 8008 సరైనది. మూడోది, ఒకటి వందకు పైన, ఇంకొకటి కింద ఉన్నప్పుడు గుర్తు మర్చిపోవడం. 106×97లో +6, −3. ముందు భాగం 103, లబ్ధం −18. 10300−18 = 10282. ఇక్కడ 10318 రాసేవాళ్లను తరచూ చూస్తాం. రెండూ వందకు పైనే అయితే ఇబ్బంది లేదు: 104×107 = 11128.

ఒకదాన్నొకటి పోలిన రెండు కిటుకులు

73×77: పదుల అంకె ఒకటే, ఒకట్ల అంకెలు కలిపితే 10. పదుల అంకెను దాని తర్వాతి అంకెతో గుణించండి, 7×8 = 56. ఒకట్లను గుణిస్తే 21. జవాబు 5621. 85 వర్గం 7225 రావడం కూడా ఇందులో ఒక రకమే. ఇక్కడా సున్నా జాగ్రత్త: 61×69 = 4209.

37×77 దీనికి తలకిందులు. ఒకట్ల అంకె ఒకటే, పదుల అంకెలు కలిపితే 10. పదులను గుణించి ఒకట్ల అంకె కలపాలి: 3×7+7 = 28. తర్వాత 7×7 = 49. జవాబు 2849.

ఈ రెండింటినీ ఒకే రోజు నేర్పితే పిల్లలు కలగలిపేస్తారు. మొదటిది బాగా స్థిరపడ్డాక, కనీసం వారం ఆగి రెండోది నేర్పండి. ఆ తర్వాత మాత్రం రెండూ కలిసిన కాగితాలే ఇవ్వాలి.

5తో ముగిసే ఏ రెండు రెండంకెల సంఖ్యలకైనా పనికొచ్చే పద్ధతి ఇంకోటుంది. పదుల అంకెల లబ్ధానికి వాటి మొత్తంలో సగం కలపండి. మొత్తం సరిసంఖ్య అయితే చివర 25. బేసి అయితే మిగిలిన అరను వదిలేసి చివర 75. 45×75లో 28, 11లో సగం ఐదున్నర, కాబట్టి 33, చివర 75: 3375.

మిగతావి క్లుప్తంగా

ఒక గుండ్రటి సంఖ్యకు అటూ ఇటూ సమాన దూరంలో ఉంటే వర్గాల తేడా: 48×52 = 2500−4 = 2496. 50 దగ్గరి సంఖ్యల వర్గాలకు 25కు తేడా కలిపి (50 కన్నా తక్కువైతే తీసేసి), తేడా వర్గాన్ని రెండు స్థానాల్లో రాయాలి: 57 వర్గం 3249, 46 వర్గం 2116. 25తో గుణించాలంటే 4తో భాగించి భాగఫలం రాయండి. శేషం 0, 1, 2, 3 అయితే చివర 00, 25, 50, 75 వస్తాయి: 67×25 = 1675. 125కు అదే పని 8తో: 37×125లో భాగఫలం 4, శేషం 5, ఐదు నూటపాతికలు 625, జవాబు 4625.

శేషాల ప్రశ్నలు తేలిగ్గా మార్కులిస్తాయి. 9తో భాగిస్తే వచ్చే శేషం, అంకెల మొత్తాన్ని 9తో భాగిస్తే వచ్చే శేషమే. 11కు అంకెలను ఒకటి విడిచి ఒకటి కూడుతూ తీసేస్తూ పోవాలి, అదీ కుడివైపు నుంచే. 3614లో 4−1+6−3 = 6, శేషం 6. ఎడమ నుంచి మొదలుపెడితే −6, అంటే శేషం 5 అని తప్పు జవాబొస్తుంది. 34×57+29ని 8తో భాగిస్తే శేషమెంత అన్నప్పుడు గుణకారం చేయనక్కర్లేదు: శేషాలు 2, 1, 5, కాబట్టి 2×1+5 = 7.

ఉజ్జాయింపులో ఒక సంఖ్యను పెంచితే రెండోదాన్ని తగ్గించండి. 783×462ని 800×450గా తీసుకుంటే 3,60,000. అసలు జవాబు 3,61,746, తేడా అర శాతం లోపే. రెండింటినీ పెంచి 800×500 చేస్తే తేడా 10 శాతం దాటుతుంది, ఎందుకంటే 2 శాతం, 8 శాతం పెంపులు ఒకదానికొకటి తోడవుతాయి.

గుర్తుపట్టే సాధన

కొత్త కిటుకును వారానికి ఒకటి, మహా అయితే రెండు తీసుకోండి. మొదటిరోజు టైము పెట్టకుండా, ఎందుకు కుదురుతుందో చూసుకుంటూ పది లెక్కలు. రెండోరోజు అదే రకం ఇరవై. మూడోరోజు నుంచి ఆ కిటుకుకు విడిగా కాగితం ఉండకూడదు, పాతవాటిలో కలిసిపోవాలి. ఒకే రకం లెక్కలు వరసగా ఇస్తే చెయ్యి వేగం పెరుగుతుంది గానీ ఎంచుకునే అవసరమే రాదు. పోటీలో కావాల్సింది ఆ ఎంపికే.

దానికి ఈ అభ్యాసం పనిచేస్తుంది. రకరకాల లెక్కలు నలభై ఒక కాగితం మీద తీసుకోండి. జవాబులు రాయొద్దు. ప్రతి లెక్క పక్కన వాడబోయే పద్ధతికి ఒక అక్షరం మాత్రం రాయండి: వంద దగ్గరిదైతే వ, పాతికైతే పా, వర్గాల తేడా అయితే తే, ఏదీ కుదరకపోతే మా, అంటే మామూలు. నలభైకీ కలిపి 80 సెకన్లు. ఆ తర్వాత తప్పు అక్షరం పడ్డ లెక్కలే చేయండి. మొదట్లో పిల్లలు అన్నిటికీ ఏదో ఒక కిటుకు అతికించబోతారు. అందుకే కాగితంలో మూడో వంతు దాకా మామూలు లెక్కలు ఉండేలా చూడండి. 63×48కి ప్రత్యేక కిటుకేమీ లేదు, 3150−126 = 3024 అనేసి ముందుకు పోవడమే.

లెక్కను చూసే వరస కూడా అలవాటు కావాలి. ముందు 5, 11, 25, 125 ఉన్నాయా, తర్వాత రెండూ వంద దగ్గరున్నాయా, తర్వాత పదుల అంకెలు ఒకటేనా, ఒకట్ల అంకెలు ఒకటేనా, చివరికి మధ్యలో గుండ్రటి సంఖ్య ఉందా. ఏదీ కాకపోతే ఎడమ నుంచి కుడికి. 97×93 లాంటివి రెండు పద్ధతుల్లోనూ 9021 ఇస్తాయి. అక్కడ ఏది మేలని ఆలోచించకుండా ముందు తట్టినదాన్ని పట్టుకోండి.

తప్పుల పుస్తకం

ప్రతి తప్పునూ రాయాలి: లెక్క, మీరు రాసిన జవాబు, తప్పు రకం. రకాలు ఆరు చాలు: ఎక్కం, చేతిలోది మర్చిపోవడం, స్థానం, గుర్తు, పద్ధతి ఎంపిక, ప్రశ్న తప్పుగా చదవడం. వారం తిరిగేసరికి ఏ రకం ఎక్కువుందో బయటపడుతుంది, మందు దాన్నిబట్టే ఉంటుంది. ఎక్కం తప్పులకు ఇంకో ఇరవై గుణకారాలు చేయించడం దండగ, ఆ రెండు మూడు ఎక్కాలు మళ్లీ అప్పజెప్పించాలి. స్థానం తప్పులకు 100 దగ్గరి గుణకారంలో తక్కువల లబ్ధం ఒక్క అంకె వచ్చే లెక్కలూ, మూడంకెలు వచ్చే లెక్కలూ వెతికి ఇవ్వాలి.

జవాబు సరిచూసుకోవడానికి అంకెల మొత్తంతో 9ల పరీక్ష (లెక్కకూ జవాబుకూ 9తో వచ్చే శేషం ఒకటేనా అని చూడటం) వేగంగా అవుతుంది, కానీ దాని మీదే భారం వేయకండి. 9506కు బదులు 956 రాసినా అంకెల మొత్తం 20నే, పరీక్ష దాన్ని పట్టదు. అంకెలు తారుమారైనా పట్టదు. అందుకని దాంతోపాటు జవాబు ఎన్ని అంకెలుండాలో, చివరి అంకె ఏది కావాలో చూడండి. 98×97 దాదాపు పదివేలు, కాబట్టి మూడంకెల జవాబు కుదరదు.

టైము పెట్టి రాసే పూర్తి పరీక్ష వారానికి రెండు చాలు. మిగతా రోజుల్లో 20 నుంచి 25 నిమిషాలు, అంతకన్నా ఎక్కువసేపు కూర్చుంటే అలసటతో వచ్చే తప్పులే అలవాటవుతాయి. పదింటికి తొమ్మిది సరిగ్గా రానంతవరకు వేగం పెంచొద్దు. దిద్దుకోనివ్వని పోటీ అయితే పెన్నుతోనే రాయాలి, 1కీ 7కీ తేడా తెలిసేలా.

చివరి వారంలో కొత్త కిటుకులు మొదలుపెట్టకండి. అప్పటికీ అక్షరాల అభ్యాసంలో సగంసార్లు తప్పుతున్న కిటుకు ఉంటే దాన్ని ఈ పోటీ వరకు పక్కన పెట్టేయండి. ఆ రకం లెక్క వస్తే మామూలు పద్ధతిలో చేయాలని ముందే నిర్ణయించుకోండి.